నీటి మీద విమానం సరే.. వలల మాటేమిటి?

శ్రీశైలం: జలాశయంలో పుట్టి వేసుకుని వల వేసే మనిషికి కావలసినవి మూడు. నిండుగా నీళ్లు, అడ్డంకులు లేని దారి, గాలి వూపు లేని పూట. నీటి మీద వాలే విమానానికి కావలసినవి కూడా ఇంచుమించు ఆ మూడే. ఇద్దరికీ ఒకే నీళ్లు కావలసి వచ్చినప్పుడు ఎవరు ఎప్పుడు పక్కకు తప్పుకోవాలి? ఆ తప్పుకున్న పూట కూలి ఎవరిస్తారు? విమానం రోజూ రావడం మొదలు పెట్టకముందే తేల్చుకోవలసిన ప్రశ్నలివి.

2024 నవంబర్ 9వ తేదీన విజయవాడ పున్నమిఘాట్ దగ్గర కృష్ణ నీటి మీద నుంచి లేచిన విమానం గంటలోపే శ్రీశైలం జలాశయంలో వాలింది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి రామ్మోహన్‌నాయుడు అందులో ప్రయాణించారు. అది కెనడాకు చెందిన డీ హావిలాండ్ కంపెనీ తయారు చేసిన ట్విన్ ఆటర్ రకం విమానం. రెండు ఇంజన్లు, పద్నాలుగు సీట్లు. బస్సులో ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ ఐదారు గంటలు పట్టే ప్రయాణం ముప్పావు గంటకు తగ్గుతుందంటే ఎవరికైనా సంతోషమే. మల్లన్న దర్శనానికి వచ్చే వృద్ధులకు ఎంతో సుఖం. కొండ మీద హోటళ్లకు, దుకాణాలకు, ఆటోల వారికి నాలుగు డబ్బులు వస్తాయి.

అయితే అది ప్రయోగం కోసం జరిగిన ప్రయాణం. వచ్చింది ముఖ్యమంత్రి కాబట్టి బందోబస్తు సహజం. ఒక్కరోజు నీటిని ఖాళీగా వుంచడం కష్టమేమీ కాదు. రోజుకు రెండుసార్లో, నాలుగుసార్లో విమానం రావాలంటే మాత్రం లెక్క వేరు.

నీటికోడి లాగానే

నీటి విమానానికి చక్రాలకు బదులు అడుగున రెండు పొడవాటి తేలు పెట్టెలు వుంటాయి. చూడటానికి రెండు సన్నని పడవల్లా వుంటాయి. కొన్ని విమానాలకు ఆ పెట్టెల్లోనే మడత చక్రాలు కూడా అమర్చి వుంటాయి. అలాంటివి గన్నవరం వంటి మామూలు విమానాశ్రయంలోనూ, నీటి మీదా కూడా దిగగలవు.

నీటికోడి పైకి లేచేముందు రెక్కలు కొడుతూ నీటి మీద కొంత దూరం పరుగెత్తడం చెరువు గట్టు మీద నిలబడిన వారందరూ చూసిందే. ఈ విమానం చేసేదీ అదే. ముందు నీళ్లను చీల్చుకుంటూ బరువుగా కదులుతుంది. వేగం పెరిగిన కొద్దీ పెట్టెలు నీటి పైకి తేలి జారడం మొదలు పెడతాయి. ఆ తర్వాతే గాలిలోకి లేస్తుంది. దీనికి సుమారు కిలోమీటరు పొడవున తిన్నని, ఖాళీ నీళ్లు కావాలి. లేచిన తర్వాత ఎదురుగా కొండ తగలకుండా ఎక్కే జాగా కూడా వుండాలి. గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగా వాలాలి. కాబట్టి గాలి మారితే దారీ మారుతుంది.

వాలిన తర్వాత నిలపడానికి దీనికి బ్రేకులు వుండవు. ప్రొపెల్లర్లు గాలిని ముందుకు నెట్టేలా తిప్పి వేగం తగ్గిస్తారు. ఇంజను ఆపితే గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. పుట్టి నడిపే వారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అందుకే ఒడ్డున కట్టే దాకా ఇంజను తిరుగుతూనే వుంటుంది. ప్రొపెల్లరు తిరిగేటప్పుడు దాని రెక్కలు కంటికి కనిపించవు. చూద్దామని పడవ వేసుకుని దగ్గరికి వెళ్లడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నీరు మరీ కదలకుండా వున్నా చిక్కే. అలలు ఎక్కువగా వుంటే ప్రమాదమని అందరికీ తెలుసు. కానీ అద్దంలా మెరిసే నీటి మీద వాలడం కూడా పైలట్లకు పరీక్షే. పై నుంచి చూస్తే ఆకాశమే కనిపిస్తుంది తప్ప నీటి మట్టం ఎక్కడున్నదీ కంటికి అందదు. ఒడ్డును గుర్తుగా పెట్టుకుని మెల్లమెల్లగా దిగుతారు. కొన్నిచోట్ల ముందుగా ఒక మరపడవను తిప్పి నీటిని కదిలిస్తారు.

చీకటి పడితే సాధారణంగా ఈ విమానాలు నడవవు. నీటి మీద ఏమున్నదో పైలటు కంటితో చూసుకోవాలి. పొగమంచు కమ్మిన ఉదయం కూడా ఆగవలసిందే.

75 అడుగుల తేడా

విమానాశ్రయంలో రన్‌వే ఏడాది పొడవునా ఒకే ఎత్తులో వుంటుంది. శ్రీశైలం జలాశయం అలా వుండదు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వేసవిలో అది 810 అడుగుల దాకా పడిపోయిన ఏళ్లు వున్నాయి. అంటే 75 అడుగుల తేడా. ఏటా సంగమేశ్వరంలో జరిగేది ఈ ప్రాంతం వారికి కొత్త కాదు. నిండుగా వున్నప్పుడు గుడి ఎక్కడ వున్నదో తెలియదు. నీరు తగ్గితే ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరకు గర్భగుడి బయటపడతాయి. గుడి పైకి లేస్తున్న కొద్దీ నీటి విమానం దారి కిందికి దిగుతున్నట్లే.

నీరు తగ్గినప్పుడు బయటపడేది గుడి ఒక్కటే కాదు. 1981లో ఖాళీ చేయించిన ముంపు గ్రామాల మొండి గోడలు, చెట్ల మోడులు, బండరాళ్లు వెనుక జలాల్లో తేలతాయి. వాటిలో పూర్తిగా బయటపడిన వాటికంటే అడుగు, రెండడుగుల నీటి కింద దాగిన వాటితోనే ఎక్కువ ప్రమాదం. విమానం వాలే చోట కనీసం ఆరడుగుల లోతు వుంటే మంచిదన్నది నిపుణుల లెక్క. పరుగెత్తే పెట్టెకు మోడు తగిలితే చిల్లు పడుతుంది.

ఆనకట్ట దగ్గర కొండల మధ్య లోతు ఎక్కువే. అక్కడ చిక్కు లోతుతో కాదు, రెండు వైపులా కొండలు వుండటంతో వస్తుంది. లోయలో గాలి సుడి తిరుగుతుంది. పాతాళగంగ మెట్ల దగ్గర నీరు మెట్టు మెట్టుగా దిగిపోతుంటే ప్రయాణికులు ఎక్కే జెట్టి కూడా దానితోపాటే దిగాలి. కదలని కాంక్రీటు జెట్టి ఇక్కడ పనికిరాదు. నీటితోపాటు పైకీ కిందికీ కదిలే తేలు జెట్టి కావాలి. దానికి లంగరు, గొలుసులు, రోజూ చూసే మనిషి కావాలి.

వరద కాలంలో సంగతి మరొకటి. గేట్లు ఎత్తినప్పుడు చూడటానికి జనం వేలల్లో వస్తారు. టికెట్లకు గిరాకీ వుండేది అప్పుడే. నీటి మీద చెట్ల దుంగలు, చెత్త కొట్టుకువచ్చేదీ అప్పుడే. విజయవాడలో 2024 సెప్టెంబర్ మొదట్లో ఏం జరిగిందో పాఠకులకు గుర్తుండే వుంటుంది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఎగువ నుంచి కొట్టుకువచ్చిన పెద్ద పడవలు గేట్ల దగ్గర ఢీకొన్నాయి. పంట కాలువల కోసం బ్యారేజీ దగ్గర మట్టం మామూలు రోజుల్లో నిలకడగానే వుంచుతారు. శ్రీశైలం అలా కాదు. ఇక్కడ నీరు ఎంత వుంచాలి, ఎంత వదలాలి అన్నది సాగునీరు, విద్యుత్తు, రెండు రాష్ట్రాల వాటాల మీద ఆధారపడి వుంటుంది. విమానం కోసం నీరు ఆపరు, ఆపకూడదు కూడా. కాబట్టి ఎంత మట్టానికి దిగితే విమానం ఆపాలన్నది ముందే రాసి పెట్టుకోవాలి.

దారి ఎవరిది?

సముద్రం మీద ఓడలు ఢీకొనకుండా 1972లో ప్రపంచ దేశాలు కొన్ని నిబంధనలు చేసుకున్నాయి. అందులో నీటి విమానం గురించి ఒక ముక్క వుంది. నీటి మీద వున్నప్పుడు విమానం మామూలుగా పడవలన్నింటికీ దూరంగా వుండాలి, వాటి ప్రయాణానికి అడ్డం రాకూడదు అని దాని సారాంశం. ఎంత ఖరీదైన విమానమైనా నీటి మీదికి దిగిన తర్వాత తప్పుకోవలసింది అదే అన్నమాట.

అది సముద్రం సంగతి. లోపలి చెరువులకు, జలాశయాలకు ఏ దేశం నిబంధనలు ఆ దేశానివే. నీటి విమానాశ్రయం అని ఒకసారి గుర్తించిన తర్వాత అక్కడ దారికి హద్దులు పెడతారు, పడవలను ఆపుతారు. అది కావలసిందే. విమానం వంద కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంటే పుట్టి తప్పుకునే వ్యవధి వుండదు. కానీ హద్దులు ఎక్కడ, ఎంతసేపు అన్నది ఒడ్డున బతికేవారితో కూర్చుని నిర్ణయించాలి.

ఎందుకంటే పడవ తప్పుకోగలదు, వల తప్పుకోలేదు. సాయంత్రం కట్టిన వలను తెల్లవారి తీస్తారు. రాత్రంతా అది నీటిలోనే నిలబడి వుంటుంది. పైన కనిపించేవి బెండ్లు మాత్రమే. విమానం పెట్టెల కింద చుక్కాని వుంటుంది. వల దానికి చుట్టుకుంటే ఇటు వల పోతుంది, అటు విమానం దారి తప్పుతుంది. గుర్రపుడెక్క పట్టినా అదే తంటా.

కెనడాలోని వాంకోవర్ రేవులో ఎన్నో ఏళ్లుగా నీటి విమానాలు రోజూ నడుస్తున్నాయి. అక్కడ పడవలకు, విమానాలకు దారులు వేరు చేశారు. ఎత్తైన భవనం మీద కంట్రోల్ టవరు పెట్టి కాపలా కాస్తారు. అంత ఏర్పాటు వున్నచోట కూడా 2024 జూన్ 8న పైకి లేస్తున్న విమానం ఒక పడవను ఢీకొంది. పడవలో వున్నవారు గాయపడ్డారు. టవరు వున్నచోటే ఇలా జరిగితే, ఏ ఏర్పాటూ లేనిచోట ఎంత జాగ్రత్త కావాలో వూహించవచ్చు.

కేరళలో ఆగింది, గుజరాత్‌లో నిలిచింది

మన దేశంలో నీటి విమానం కొత్తేమీ కాదు. 1938 ప్రాంతంలో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు వెళ్లే పెద్ద పడవ విమానాలు రాజస్థాన్‌లోని రాజసమంద్ చెరువులో, గ్వాలియర్‌లోని మాధవసాగర్‌లో, అలహాబాద్ దగ్గర యమునలో, కలకత్తా దగ్గర హుగ్లీలో దిగుతూ వెళ్లేవి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మద్రాసు రెడ్‌హిల్స్ చెరువు నుంచి సైనిక నీటి విమానాలు నడిచాయి. తర్వాత విమానాశ్రయాలు పెరిగి వీటి అవసరం తగ్గిపోయింది.

మళ్లీ ఈమధ్య ప్రయత్నాలు మొదలయ్యాయి. 2010 డిసెంబరు చివర అండమాన్ దీవుల కోసం ఒక సర్వీసు ప్రారంభించారు. కేరళలో 2013 జూన్ 2న కొల్లంలోని అష్టముడి సరస్సు దగ్గర ప్రారంభోత్సవం ఆర్భాటంగా జరిగింది. విమానం అళప్పుళ దగ్గర పున్నమడ సరస్సులో దిగాలి. అక్కడ మత్స్యకారులు పడవలతో నీటిని కమ్మేశారు. విమానం దిగలేదు. తమ వేట దెబ్బ తింటుందన్నది వారి భయం. ఆ పథకం అక్కడితో ఆగిపోయింది. పదకొండేళ్ల తర్వాత, 2024 నవంబర్ 11న, కొచ్చి నుంచి ఇడుక్కి జిల్లా మాట్టుపెట్టి జలాశయానికి ప్రయోగం చేశారు. ఈసారి అడవి శాఖ నుంచి అభ్యంతరం వచ్చింది. ఏనుగులు ఆ జలాశయం దాటుతుంటాయి, శబ్దానికి బెదురుతాయన్నది వారి మాట.

గుజరాత్‌లో 2020 అక్టోబర్ 31న ప్రధాని మోదీ అహ్మదాబాద్ సబర్మతి తీరం నుంచి సర్దార్ పటేల్ విగ్రహం దగ్గరికి సర్వీసు ప్రారంభించారు. సుమారు 200 కిలోమీటర్లు. టికెట్ 1,500 రూపాయల నుంచి. అక్కడ విమానం దిగవలసిన చెరువులో మొసళ్లు వుండటంతో 2019లోనే అడవి శాఖ వారు బోనులు పెట్టి వాటిని పట్టి వేరేచోటికి తరలించారు. ఇంతా చేసి, నెల తిరగకముందే విమానాన్ని మరమ్మతు కోసం మాల్దీవులకు పంపవలసి వచ్చింది. నడుస్తూ ఆగుతూ 2021 ఏప్రిల్‌లో సర్వీసు నిలిచిపోయింది. ఖర్చు ఎక్కువ కావడమే కారణమని ఆ రాష్ట్ర ప్రభుత్వం తర్వాత చెప్పింది.

కేరళలో మనుషులను అడగకుండా మొదలు పెట్టారు. గుజరాత్‌లో ఏర్పాట్లు చేశారు గాని ఖర్చు లెక్క కుదరలేదు. మన దగ్గర ఈ రెండూ ముందే చూసుకునే అవకాశం వుంది.

అడవి, చమురు, ప్రాణరక్షణ

శ్రీశైలం చుట్టూ వున్నది పులుల అభయారణ్యం. నీటికాకులు, కొంగలు గుంపులుగా తిరిగే నీళ్లు ఇవి. పక్షి వచ్చి ఇంజనుకు తగిలితే ప్రమాదం. ఒక్క జలాశయానికే నీటిపారుదల, అడవి, మత్స్య, పర్యాటక, పోలీసు శాఖలన్నీ సంబంధం కలిగి వుంటాయి. అవతలి ఒడ్డు తెలంగాణది. అక్కడి మత్స్యకారులదీ ఇదే నీరు. ఒక శాఖ అనుమతి ఇచ్చిందని మరో శాఖకు తెలియకపోతే నష్టపోయేది ఒడ్డున వున్నవారే.

చమురు సంగతి కూడా వుంది. ఈ నీళ్లు పొలాలకూ, తాగడానికీ పోతాయి. భక్తులు స్నానాలు చేసేదీ ఇందులోనే. విమానానికి చమురు విమానాశ్రయంలోనే పోసి పంపడం మంచిది. తప్పనిసరై ఇక్కడ పోయవలసి వస్తే ఒలికిన చమురు పాకకుండా ఆపే ఏర్పాటు వుండాలి. శివరాత్రి, కార్తీకమాసం రోజుల్లో స్నానఘట్టాలకు ఎంత దూరంగా దిగాలన్నది కూడా ముందే చెప్పాలి.

విమానం ఎక్కేవారు తెలుసుకోవలసినది ఒకటుంది. లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి గాని లోపల వుండగా గాలి నింపకూడదు. విమానం నీటిలో మునిగితే గాలి నింపిన జాకెట్ మనిషిని పైకప్పుకు అంటిస్తుంది, తలుపు దగ్గరికి రానివ్వదు. 1996 నవంబర్‌లో కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో దిగిన ఇథియోపియా విమానంలో ఈ పొరపాటు వల్లనే కొందరు బయటపడలేకపోయారు. తలుపు దాటిన తర్వాతే తాడు లాగాలి.

చేయవలసినవి

నీటి విమానాల నిబంధనలను సులభం చేస్తూ కేంద్రం 2024 ఆగస్టు 22న కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. కంపెనీలకు దారి సులువైంది. అలాగే ఒడ్డున వున్నవారి సంగతి కూడా కాగితం మీదికి రావాలి.

విమానం దారిని రంగు బోయాలతో గుర్తించాలి. ఆ పటం మత్స్యకారుల సహకార సంఘాల ఆఫీసుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో అంటించాలి. విమానం వచ్చే వేళలు ముందుగా నిర్ణయించి, రేవు వూళ్లలో, చెంచుగూడేల్లో దండోరా వేయించాలి. రాత్రి వల తెల్లవారి తీస్తారు కాబట్టి పొద్దెక్కిన తర్వాత విమానం వచ్చేలా చూస్తే ఇద్దరికీ వీలుగా వుంటుంది. వచ్చే అరగంట ముందు సైరన్ మోగించాలి. చదువు రానివారికి కూడా అర్థమయ్యేలా జెండా గుర్తు పెట్టాలి.

దారి కోసం వేట ఆపించిన చోట ఎంతమందికి ఎంత నష్టమో లెక్క కట్టి పరిహారం ఇవ్వాలి. వల తెగితే ఎవరిని అడగాలో, ఎన్ని రోజుల్లో డబ్బు చేతికి వస్తుందో ముందే చెప్పాలి.

కాపలా పడవలు, రక్షణ పడవలు తప్పనిసరిగా వుండాలి. వాటి మీద పనికి స్థానిక మత్స్యకారులనే తీసుకోవాలి. ఏ రాయి ఎంత మట్టానికి తేలుతుందో, గాలి ఏ వేళ ఎటు తిరుగుతుందో వారికి తెలిసినంతగా బయటివారికి తెలియదు. ఈత వచ్చినవారు, పుట్టి నడపడం తెలిసినవారు ప్రతి రేవులోనూ వున్నారు. వారికి కొద్దిపాటి శిక్షణ ఇస్తే చాలు. విమానం వల్ల వేట కొంత తగ్గినా ఇంట్లో ఒకరికి నెల జీతం వస్తుంది.

ఒకసారి ఈ జలాశయం కోసం వూళ్లు ఖాళీ చేసి వెళ్లినవారి పిల్లలు, మనవలు ఈ ఒడ్డునే వున్నారు. విమానం వద్దని ఎవరూ అనరు. ఎప్పుడు వస్తుందో, ఎక్కడ దిగుతుందో, ఆ పూట వల ఎక్కడ వేసుకోవాలో తమకు ముందుగా తెలియాలన్నదే న్యాయమైన కోరిక. సర్వీసు తేదీ ప్రకటించక ముందే సంబంధిత శాఖల అధికారులు రేవు వూళ్లకు వచ్చి, రెండు ఒడ్డుల మత్స్యకార సంఘాలతో సమావేశం జరిపి ఈ విషయాలు తేల్చవలసి వుంది.